ఏ కమిటీకీ చెందని మాట

ఒక అవమానాన్ని మూడు ముక్కలుగా కోసి, ఏ ముక్క ఎంతో చెప్పే యంత్రం మీద నేను పిహెచ్.డి. చేస్తున్నాను. మొదట్లో ఎవరడిగినా ఈ మాట గర్వంగా చెప్పేదాన్ని. ఇప్పుడు బస్సులో పక్క సీటావిడ అడిగితే, ఏదో సోషల్ సైన్సు లెండి అని కిటికీ వైపు తిరుగుతున్నాను.

ఆ యంత్రం పేరు విభాజిని. పేరు పెట్టింది మా గైడ్ కాత్యాయని మేడమ్. తయారు చేసింది మా విశ్వవిద్యాలయంలోనే మెదడు పరిశోధనశాలలో పనిచేసే శ్రీకర్. మణికట్టుకు ఒక పట్టీ, గొంతు దగ్గర ఒక బిళ్ళ, చెవి వెనక చిన్న తీగచుట్ట. ఇవి తగిలించుకుని కళ్ళు మూసుకుని, మనకి జరిగింది తలుచుకోవాలి. తీగచుట్ట ఆ జ్ఞాపకాన్ని లోపల్నుంచి కదుపుతుంది. ఏళ్ళ కిందట ఎవడో అన్న మాటైనా సరే, ఇప్పుడే ఎదురుగా నిలబడి అన్నట్టు ఒళ్ళు మండుతుంది, గొంతు పూడుకుపోతుంది. ఆ మంటని యంత్రం చదివి తెరమీద మూడు రంగుల్లో పంచి చూపిస్తుంది. ఆడదానివైనందుకు ఇంత, ఒంటి రంగుకీ జాతికీ ఇంత, మతానికో తెగకో ఇంత. మూడూ కలిపితే సరిగ్గా నూరు.

యంత్రానికి ఈ తేడాలు నేర్పించిన పద్ధతి దగ్గరే నాకు చిర్రెత్తింది. పరిశోధనలో ఒకసారికి ఒక్క తేడానే కదపాలి, తక్కినవన్నీ కదలకుండా పట్టుకోవాలి అని మాకు ఎం.ఏ. నుంచీ నూరిపోశారు. అందుకని ఆడవాళ్ళ బాధ ఎలా ఉంటుందో నేర్పడానికి పెద్ద కులాల, కలిగిన ఇళ్ళ ఆడవాళ్ళని కూర్చోబెట్టారు. వాళ్ళకి ఆడవాళ్ళు కావడం తప్ప వేరే చిక్కు లేదు కాబట్టి లెక్క శుభ్రంగా వస్తుందట. రంగు బాధకి మగవాళ్ళనే పిలిచారు. తెగ బాధకీ మగపిల్లల్నే తెచ్చారు. నేను ధరావత్ వినోదని, లంబాడీ ఇంటి ఆడపిల్లని. నన్నెక్కడ కూర్చోబెడతారు మేడమ్ అని అడిగాను.

"నువ్వు రెండింట్లోనూ పడతావు వినోదా, లెక్క చెదిరిపోతుంది. ముందు సులువైనవి అవనీ" అన్నారు మేడమ్.

సులువైనవి అయ్యాక కష్టమైనవి ఏమవుతాయో పరిశోధక విద్యార్థులందరికీ తెలుసు. థీసిస్ చివర 'ఇకముందు చేయదగిన పరిశోధన' అని ఒక పేజీ ఉంటుంది. చెయ్యలేనివి, చెయ్యబుద్ధి కానివి, గైడ్‌కి నచ్చనివి అన్నీ అక్కడ పడేసి, బైండింగ్ చేయించి, అత్తరు రాసినట్టు అట్టమీద బంగారు అక్షరాలు వేయిస్తాం. మా డిపార్ట్‌మెంటు లైబ్రరీలో ఆ పేజీలు వరసగా తీసి చదివాను ఒకసారి. ఒక మనిషి ఒకేసారి ఆడదీ, నల్లదీ, తండా మనిషీ అయితే ఏమిటన్న ప్రశ్న దాదాపు ప్రతి దాంట్లోనూ ఉంది. అందరూ చాలా మర్యాదగా పక్కవాళ్ళకి అప్పజెప్పారు. నాలాంటి వాళ్ళం ఎన్నేళ్ళనుంచో ఆ చివరి పేజీలోనే కాపురం ఉంటున్నాం.

నేర్పడానికి పనికిరాకపోయినా పరీక్షించడానికి మాత్రం పనికొచ్చాను. పట్టీ వదులైందా, తీగచుట్ట సరిగ్గా కదుపుతోందా అని చూడ్డానికి ఎవరో ఒకరు కూర్చోవాలి కదా. శ్రీకర్ పిలిచినప్పుడల్లా వెళ్ళి కూర్చుని, ఎప్పుడూ ఒకే జ్ఞాపకం ఇచ్చేదాన్ని. డిగ్రీలో చేరేటప్పుడు నాతో వచ్చిన మా అమ్మని, ఆమె అద్దాల రవికనీ చేతినిండా గాజుల్నీ చూసి, అడ్మిషన్ల దగ్గర కూర్చున్న గుమాస్తా సర్కస్ ఎక్కడ దిగిందని అడిగిన సంగతి అది. లైన్లో ఉన్న అందరూ నవ్వారు. మా యాడి ఆ తర్వాత మళ్ళీ ఆ బట్టలు కట్టలేదు. మా భాషలో అమ్మని యాడి అంటాం.

యంత్రం బాగా పనిచేస్తోందని పేరొచ్చింది. ప్రభుత్వం ఒక కొత్త నియమం పెట్టింది. విశ్వవిద్యాలయాల్లో ఎవరు వివక్ష జరిగిందని ఫిర్యాదు చేసినా ముందు విభాజిని ముందు కూర్చోవాలి. ఏ వాటా సగం దాటితే ఫిర్యాదు ఆ కమిటీకి వెళ్తుంది. మహిళల కమిటీ, జాతి కమిటీ, మైనారిటీలూ తెగల కమిటీ అని మూడు ఏర్పాటు చేశారు. ఇక ఫిర్యాదులు గాలికి పోవనీ, పరిశోధన అంటే ఇలా జనానికి పనికిరావాలనీ మేడమ్ మిఠాయి పంచారు. నేనూ రెండు తిన్నాను.

మొదటి ఫిర్యాదు మా రుఖయాదే.

రుఖయా నా తోటి స్కాలర్. హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అనే పేట పిల్ల. నిజాం కాలంలో ఆఫ్రికా నుంచి వచ్చిన గుర్రపు సైనికుల సంతతి. సిద్దీలంటారు. తరతరాలుగా హైదరాబాదులోనే పుట్టి పెరిగినా ఆటోవాళ్ళు ఆమెను చూడగానే ఇంగ్లీషులో బేరం మొదలుపెడతారు. ఆమె అచ్చ తెలుగులో తిట్లందుకునేసరికి మీటరు దానంతటదే తిరుగుతుంది. పెళ్ళి ఊరేగింపుల్లో మర్ఫా డప్పులు వాయించే సిద్దీ మగవాళ్ళ గురించి చాలామంది రాశారు. మరి వాయించడానికి పిలుపు లేని నెలల్లో ఆ ఇళ్ళలో పొయ్యి ఎలా వెలిగింది, ఆడవాళ్ళు ఏమేం పనులు చేశారు అన్నది ఎవరూ రాయలేదు. రుఖయా ఆ పని పెట్టుకుంది. ఆమెకీ గైడ్ కాత్యాయని మేడమే.

థీసిస్ ఇచ్చేముందు చివరి సెమినార్‌కి బయటినుంచి ఒక నిపుణుడు వచ్చాడు. ఆ రోజు నేనూ హాల్లోనే ఉన్నాను. రుఖయా లేచి కాగితాలు సర్దుకుని మొదటి వాక్యం చదవబోతుంటే ఆయన చెయ్యెత్తి ఆపాడు. కుర్చీలో వెనక్కి వాలి, నవ్వుతూ, "మీ వాళ్ళ ఆడపిల్లలు బాగా ఆడతారటగా. కాగితాలెందుకమ్మా, ఒకసారి ఆడి చూపించు" అన్నాడు.

హాల్లో కొందరు నవ్వారు. రుఖయా నవ్వలేదు, ఏడవలేదు. కాగితాలు మళ్ళీ మొదటినుంచి సర్దుకుని పూర్తిగా చదివింది. ఆయన ఫోను చూసుకుంటూ కూర్చుని, తృప్తికరంగా లేదని రాసిచ్చిపోయాడు. అలా రాస్తే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. అన్నేళ్ళ పని పోతుంది. ఫిర్యాదు నడుస్తున్నంతకాలం మాత్రం రద్దు చెయ్యకూడదు, అదొక్కటే ఆధారం. అందుకని ఆ సాయంత్రమే ఫిర్యాదు పెట్టింది.

ఆమె మణికట్టుకు పట్టీ నేనే కట్టాను. చెవి వెనక తీగచుట్ట పెట్టాను. శ్రీకర్ మీట నొక్కగానే రుఖయా మెడనరాలు ఉబ్బాయి, రెండు చేతులూ కుర్చీ అంచుని పట్టుకున్నాయి. హాల్లో నోరు విప్పని మనిషి, ఇక్కడ పళ్ళు బిగించి మూలిగింది. తెరమీద రంగులు పైకి లేచాయి, లేచి మూడూ ఒకే ఎత్తులో ఆగాయి. ఏదీ సగం దాటలేదు. అసలు సగం దగ్గరికే రాలేదు.

"ఇప్పుడు ఎక్కడికి పంపాలి?" అన్నాడు శ్రీకర్ తల గోక్కుంటూ.

మూడు కమిటీలూ వరసగా వింటాయని మేడమ్ తేల్చారు. ఒక కమిటీ కొలతని ఇంకో కమిటీ నమ్మదు కాబట్టి ఎవరికి వాళ్ళు మళ్ళీ కొలుచుకుంటామన్నారు. నమ్మకానికి ప్రతివాళ్ళూ మూడేసి సార్లు కొలవాలని మా పద్ధతి. ఆ పద్ధతి నా థీసిస్‌లో రెండో అధ్యాయంలో నేనే రాశాను.

మహిళల కమిటీ మొదట విన్నది. పట్టీ, బిళ్ళ, తీగచుట్ట. రుఖయా మళ్ళీ మళ్ళీ ఆ హాల్లో నిలబడింది, మళ్ళీ మళ్ళీ ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ తర్వాత కమిటీ సభ్యురాలు ఒకావిడ, అదే రోజు అదే నిపుణుడి ముందు ఇంకో ఇద్దరు అమ్మాయిలు సెమినార్ ఇచ్చారనీ, వాళ్ళని ఆయన తల్లీ అని పిలిచి మెచ్చుకున్నారనీ కనుక్కొచ్చింది. ఆడవాళ్ళంటే ఆయనకి చులకనే అయితే వాళ్ళనీ అనాలి కదా. కాబట్టి ఇది ఆడవాళ్ళ సమస్య కాదు. వాళ్ళిద్దరూ సిద్దీలు కారని నేను గొంతు పెంచి చెప్పాను. అయితే అది జాతి కమిటీ చూసుకుంటుందమ్మా అని నవ్వుతూ లేచారు.

జాతి కమిటీ కూడా కొలుచుకుంది. ఏడాది కిందట ఒక సిద్దీ కుర్రాడు ఆయన దగ్గరే పాసయ్యాడని, ఇద్దరూ కలిసి ఫొటో కూడా దిగారని వాళ్ళు తేల్చారు. ఇక జాతి ద్వేషం ఎక్కడుంది? ఆ కుర్రాణ్ణి ఆడి చూపించమని అడగలేదు కదా సార్ అన్నాను. "మగపిల్లాణ్ణి ఎలా అడుగుతారమ్మా" అన్నాడు ఆ కమిటీ పెద్ద, చాలా తెలివైన ప్రశ్నకి జవాబు చెప్పినట్టు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. తన నోటితోనే జవాబు చెప్పి, అది జవాబని తెలియకుండానే ఆయన టీ తాగేశాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇంకో సంగతి బయటపడింది. యాడి నాతోనే తార్నాకలో ఉంటుంది, బట్టల దుకాణాలకి అద్దాల పని కుట్టిస్తుంది. జొన్నరొట్టె కాలుస్తూ, ఆర్డరిచ్చిన ఒకావిడ తన కొలతకి మా లంబాడీ రవిక కుట్టించుకుందనీ, దాన్ని వేసుకుని పార్టీకి వెళ్తుందటనీ చెప్పింది. "గా దినం మనల్ని సర్కస్ అన్నడు సూడు, ఆడు సూడాలె దీన్ని" అంది.

"ఏ దినం?" అన్నాను.

యాడి రొట్టె తిప్పడం మానేసి నా వైపు చూసింది. అప్పుడు నాకు గుర్తొచ్చింది. గుర్తైతే వచ్చింది, గుమాస్తా కళ్ళజోడు సహా అంతా ఉంది. కానీ ఎక్కడో చదివిన సంగతిలా ఉంది. ఆ తర్వాత చాలాకాలం పాటు నిద్రలో లేచి పళ్ళు కొరికిన దాన్ని నేనే. ఇప్పుడు గుండెల్లో ఏమీ కదల్లేదు. ఔను అన్నాడు కదా అని చెప్పి కూర కలుపుకున్నాను. నా గొంతు జనాభా లెక్కలవాళ్ళ గొంతులా ఉందని నాకే వినపడింది.

"గంతేనా?" అంది యాడి. ఆమె ఆ బట్టలు వదిలేసింది ఆ మాట వల్లే. నాకు కోపముందన్న ధైర్యంతోనే ఆమె తన కోపాన్ని దిగమింగుకుందని నాకు తెలుసు. ఇద్దరిదీ నేనే మోశాను ఇన్నాళ్ళూ. రొట్టె మాడింది.

మర్నాడు పరిశోధనశాలకి వెళ్ళి శ్రీకర్ మీద పడ్డాను. మొదట తప్పించుకోబోయాడు, తర్వాత మెల్లిగా ఒప్పుకున్నాడు. తీగచుట్టతో కదిపిన ప్రతిసారీ జ్ఞాపకం కొంచెం అరిగిపోతుంది. జరిగింది గుర్తుంటుంది, మంట ఉండదు. పరీక్షల్లోనే తెలిసిందట. దాన్ని తర్వాతి నమూనాలో సరిచేద్దామనుకున్నారట.

"మీకు మంచిదే కదండీ, బాధ పోయింది" అన్నాడు. నిజంగా మంచి మనసుతోనే అన్నాడు. అందుకే ఇంకా మండింది.

బాధ పోగొట్టమని నేనెవరినీ అడగలేదు. అది నాది, మా యాడిది. గుమాస్తా మాత్రం ఎక్కడున్నాడో హాయిగా ఉన్నాడు. అరిగింది మా వైపే.

ఇంకొకటి కూడా కక్కించాను. రుఖయాకి మూడు రంగులూ సమానంగా ఎలా వచ్చాయని అడిగితే, యంత్రం పంచగలిగింది చాలా కొద్దిగానే అన్నాడు. ఆడవాళ్ళదిగా గుర్తుపట్టింది కొంచెం, రంగుది కొంచెం, మతానిది కొంచెం. మిగిలిందంతా దేన్లోకీ రాలేదు. యంత్రానికి అది నేర్పలేదు మరి. మొత్తం నూరు రావాలి కాబట్టి ఆ మిగిలినదాన్ని మూడింటికీ సమానంగా పంచేసే ఏర్పాటు చేశాడట.

"అంటే ఆమె బాధలో సగానికి పైగా మీకు అర్థం కాలేదు. కాకపోతే అర్థం కాలేదని చెప్పడానికి నామోషీ" అన్నాను.

శ్రీకర్ అక్కడికక్కడే ఆ పంచే ఏర్పాటు తీసేశాడు. మిగిలినదాన్ని తెల్లరంగులో విడిగా చూపించేలా, నూరు లెక్క లేకుండా మంట ఎంతుంటే రంగు అంతే లేచేలా మార్చాడు. మేడమ్‌కి చెప్పకండి, కాంట్రాక్టు ఉద్యోగం నాది అన్నాడు. పోనీ పాత కొలతలు చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టొచ్చా అంటే కుదరదన్నాడు. పట్టీ చదివింది ఏదైనా నేరుగా ఈ ఫిర్యాదులపైన ప్రభుత్వం వేసిన కమిషన్ యంత్రాల్లోకి పోతుంది, విశ్వవిద్యాలయం దాన్ని ముట్టుకోలేదు. తెర పైభాగంలో ఒక ఎర్రగీత ఉంది, మంట మరీ ఆ గీత దాటితే దానంతటదే కొత్త ఫిర్యాదుగా నమోదవుతుంది కూడా. విద్యార్థుల రక్షణ కోసం పెట్టారు. కానీ ఇంతవరకూ ఎవరూ దాటలేదట. తలుచుకున్న బాధ అంత ఎత్తుకి లేవదు.

అక్కణ్ణుంచి తిన్నగా ఏసీ గార్డ్స్ వెళ్ళాను. రుఖయా వాళ్ళమ్మ జమీలా అమ్మీ తలుపు తీసి, లోపలికి రమ్మనకుండా గడపలోనే నిలబెట్టి, నా పిల్లని మీరేం చేశారని ఉర్దూలో అడిగింది. ఫిర్యాదు పెట్టిన రోజు రుఖయా అన్నం ముట్టలేదట, గిన్నె విసిరేసిందట. నిన్న ఎవరో బంధువులొస్తే ఆ సెమినార్ సంగతంతా క్రికెట్ స్కోరు చెప్పినట్టు చెప్పిందట. ఆ నిపుణుడు చెయ్యెత్తడం అనుకరించి నవ్విందట కూడా. ఏడిస్తే నాకు భయం లేదు, నవ్వితే భయమేసింది అంది అమ్మీ.

రుఖయా లోపల మంచమ్మీద బాసింపట్టు వేసుకుని తన థీసిస్ కాగితాలకి పేజీ నంబర్లు వేసుకుంటోంది. శ్రీకర్ చెప్పిందంతా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"నాకు సమజైంది వినోదా. రెండో కమిటీలనే సమజైంది. కోపం తెచ్చుకుందామని చూస్తున్న, వస్తలేదు. గా మనిషి మొకం గుర్తు చేసుకుంటే ఎవరో మామూలు ముసలాయన లెక్క కనవడుతుండు" అంది. "రేపు మూడో కమిటీ. పట్టీ కట్టి సూస్తే ఏం రాదు. ఏం కాలేదని రాస్తరు. రిజిస్ట్రేషన్ పోతది."

పట్టీ కట్టుకోనని చెప్పెయ్ అన్నాను. అప్పుడు సహకరించలేదని కొట్టేస్తారని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. కట్టుకుంటే నొప్పి లేదంటారు, కట్టుకోకపోతే ఫిర్యాదే లేదంటారు. ఇద్దరం చాలాసేపు ఆ ముడి చుట్టూనే తిరిగాం. పక్కగదిలో అమ్మీ సామాన్లు గట్టిగా పెడుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది.

అక్కణ్ణుంచి మేడమ్ ఇంటికి ఫోన్ చేశాను. మూడో కమిటీలో యంత్రం లేకుండా వినమని చెప్పండి, జ్ఞాపకాలు అరిగిపోతున్నాయి అని బతిమాలాను. మేడమ్ చెడ్డమనిషి కాదు. మా అందరి ఫీజులకీ సంతకాలు పెట్టి డబ్బు తెప్పించిన మనిషి, హాస్టల్లో జ్వరమొస్తే కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళిన మనిషి. అందుకే ఆవిడ మీద కోపం పూర్తిగా రాదు, వచ్చింది పూర్తిగా పోదు.

"వినోదా, ఇప్పుడు యంత్రంలో లోపముందని మనమే చెబితే మొత్తం పథకం ఆగిపోతుంది. నీ థీసిసూ ఆగిపోతుంది. మళ్ళీ ఫిర్యాదులన్నీ బుట్టదాఖలే. ఒక్క కేసు కోసం అంత పని చెయ్యలేం. నువ్వు చెప్పిన ఈ అరుగుదల సంగతి మంచి పాయింటు, చివర్లో రాయి" అన్నారు.

ఎక్కడ రాయమంటున్నారో విడమర్చి చెప్పనక్కర్లేదు. ఫోను పెట్టేశాక నడిరోడ్డు మీద నిలబడి అరిచాను. పక్కనుంచి పోతున్న బండివాడు తననే అనుకుని ఆగాడు.

మూడో కమిటీ ఛైర్మన్ రిటైరైన అధికారి. మెత్తగా మాట్లాడతాడు. నీళ్ళు తాగావా తల్లీ అని అడిగాడు. కుర్చీ సరిగ్గా ఉందా అని కూడా అడిగాడు. నేను పట్టీ కట్టాను. బొత్తాం రుఖయానే పెట్టుకుంది. శ్రీకర్ మీట నొక్కాడు.

ఏమీ లేదు. మూడు రంగులూ అడుగున పల్చగా పాకాయి, శ్రీకర్ కొత్తగా పెట్టిన తెల్లరంగు కూడా అడుగునే ఉంది. రుఖయా కళ్ళు గట్టిగా మూసుకుని, పెదవి కొరుక్కుని, లేని కోపాన్ని లాగుతోంది. నూతిలో చేద మునిగిన చప్పుడు రాకపోతే తాడు ఇంకా వదులుతామే, అలా. రెండోసారి కొలిచారు. మూడోసారి కొలిచారు. రంగులు ఇంకా కిందికే పోయాయి.

గోడ పక్కన కూర్చున్న మేడమ్ కళ్ళు దించుకున్నారు. ఛైర్మన్ తెరవైపు చూసి తృప్తిగా తలాడించాడు. ఆయన రుఖయా ముఖం వైపు ఒక్కసారీ చూడలేదు, తెరనే చూశాడు.

"సంతోషమమ్మా. గాయం మానిపోయింది. మీ వాళ్ళు గట్టి మనుషులు, అందులోనూ ఆడపిల్లలు మరీ గట్టివాళ్ళు. మాకైతే తట్టుకోవడం కష్టమయ్యేది. ఇక దీన్ని మూసేద్దాం, నువ్వు ఇంకేదైనా మంచి కోర్సు చూసుకో. స్పోర్ట్స్‌లో మీకు రిజర్వేషన్ లాంటిదేమైనా ఉందేమో నేను కనుక్కుంటాను" అన్నాడు.

తెరమీద మూడు రంగులూ ఉన్నచోటే ఉన్నాయి. తెల్లది లేచింది. లేచి లేచి ఎర్రగీత దాటి, తెర పైఅంచుకి తగిలి అక్కడ నిలబడింది. గదిలో ఎక్కడో చిన్న గంట మోగింది, అది మోగుతుందని నాకూ అప్పటిదాకా తెలీదు. రుఖయా కళ్ళు తెరిచింది. కళ్ళనిండా నీళ్ళు. కోపం తిరిగొచ్చిన ముఖం అది. ఆమెకది ఎంత అవసరమో తెలిసి కూడా నాకు సంతోషం కలగలేదు. కొత్తదెబ్బ తగిలితే తప్ప దెబ్బతిన్నట్టు చూపించుకోలేని స్థితికి తెచ్చాం మనిషిని.

ఛైర్మన్ గంట ఎందుకు మోగిందని అడిగాడు. శ్రీకర్ లేచి నిలబడి, నేల చూస్తూ, ఇప్పుడు పడింది తలుచుకున్నది కాదు సార్, ఇప్పుడు జరిగింది అన్నాడు. కొత్త ఫిర్యాదుగా కమిషన్‌కి వెళ్ళిపోయిందన్నాడు. ఎవరి మీద అంటే, ఈ కమిటీ మీద అన్నాడు. కాంట్రాక్టు ఉద్యోగం గురించి ఆ నిమిషం మర్చిపోయినట్టున్నాడు.

"ముందా పట్టీ తీసెయ్యమ్మా" అన్నాడు ఛైర్మన్. మెత్తదనం పోయింది.

"తియ్యను సార్" అంది రుఖయా. "మీరు ఇంక ఏమేం అడగాల్నో అడగుండ్రి."

ఒక సభ్యుడు నీళ్ళసీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు. కమిటీ కార్యదర్శి నియమాల పుస్తకం తిరగేసి, గొంతు సవరించుకుని చదివాడు. ఫిర్యాదు నడుస్తుండగా రిజిస్ట్రేషన్ రద్దు చెయ్యకూడదు. ఈ కమిటీ మీదే ఫిర్యాదు కాబట్టి ఈ కమిటీ దేన్నీ మూసెయ్యకూడదు. కొత్త ఫిర్యాదు ఏ కమిటీకి పంపాలో రంగుని బట్టి తేల్చాలి. తెల్లరంగుకి కమిటీ లేదు. కొత్త కమిటీ వెయ్యాలంటే ప్రభుత్వం వెయ్యాలి. అంతవరకూ ఎక్కడివక్కడే. ఛైర్మన్ తన సంచీ తీసుకుని ఎవరికీ నమస్కారం పెట్టకుండా వెళ్ళిపోయాడు.

వరండాలోకి రాగానే మేడమ్ రుఖయాని గట్టిగా కావలించుకున్నారు. గెలిచావే అన్నారు. ఆ కమిటీ పడేసరికి ఏళ్ళు పడుతుంది, ఈలోగా నిన్నెవరూ కదపలేరు, హాయిగా థీసిస్ ఇచ్చెయ్ అన్నారు. ఈ తెల్లరంగు మీద ఇద్దరూ కలిసి ఒక పత్రం రాయండి, విదేశాల్లో కూడా వేసుకుంటారు అని నా భుజం తట్టారు. ఆవిడ నిజంగా సంబరపడుతున్నారు. శ్రీకర్ కూడా వెనక నిలబడి నవ్వడానికి ప్రయత్నిస్తున్నాడు.

రుఖయా మేడమ్ చేతుల్లోంచి మెల్లిగా విడిపించుకుంది. సంచీలోంచి థీసిస్ కాగితాల కట్ట తీసి గుండెకి ఆనించి పట్టుకుంది.

"మేడమ్, గాయన ఫోను సూసుకుంట కూసున్నడు. మూడు కమిటీలోళ్ళు నా చెయ్యి పట్టి, గొంతు పట్టి సూసిన్రు. వీళ్ళల్ల ఒక్కరన్న నా థీసిస్ చదివిన్రా?" అంది. కాస్త ఆగి, "మీరు చదివిన్రా?" అంది.

గైడ్‌గా తాను సంతకం పెట్టిన పేజీ గురించి మేడమ్ చెప్పబోయారనుకుంటాను. ఆవిడ నా వైపు చూశారు, నేనైనా ఔనంటానేమోనని. రుఖయా కూడా నా వైపు తిరిగింది.

నేనూ చదవలేదు.